గుడ్డు గురించి అడుగుతాం, జెలటిన్ ఊసెత్తం

పిల్లలకి టీకా అనగానే "మావాడికి గుడ్డు పడదు, వేయించొచ్చా?" అని అడిగే తల్లిదండ్రులు చాలామంది. అడగడం మంచిదే కానీ, ఆ భయానికి కాలం చెల్లింది. ఎం.ఎం.ఆర్. (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకి వేసే టీకా)లోని తట్టు, గవదబిళ్లల వైరస్‌లను కోడిపిండం కణాల్లో పెంచుతారు. చివరికి మిగిలే గుడ్డు ప్రొటీన్ లెక్కలోకి రానంత తక్కువ. ఫ్లూ టీకాకీ గుడ్డు అలర్జీవాళ్లకి అదనపు జాగ్రత్తలు అక్కర్లేదని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2023-24 సీజన్ నుంచి చెబుతోంది. ఎల్లో ఫీవర్ టీకా దగ్గర మాత్రం ఇంకా ఆలోచించాలి.

నన్నడిగితే, అడగాల్సింది జెలటిన్ గురించి. పశువుల చర్మం, ఎముకల నుంచి తీసే ఈ ప్రొటీన్‌ని కొన్ని ఎం.ఎం.ఆర్., చికెన్‌పాక్స్ టీకాల్లో వైరస్ చెడిపోకుండా కలుపుతారు. 1990ల్లో జపాన్‌లో పసిపిల్లల డీటీఏపీ (డిఫ్తీరియా, ధనుర్వాతం, కోరింత దగ్గు) టీకాల్లోనూ కొన్నిట్లో జెలటిన్ ఉండేది. దాంతో కొందరు పిల్లల్లో జెలటిన్‌కి అలర్జీ తయారై, ఆ తర్వాత తట్టు టీకా వేసినప్పుడు బయటపడింది. కంపెనీలు జెలటిన్ తీసేయడమో, మార్చడమో చేశాక ఆ కేసులు బాగా తగ్గిపోయాయి. కాబట్టి జెలటిన్ ఉండే గమ్మీ మిఠాయిలో, మార్ష్‌మాలోలో తిన్నాక మీ పాపకి పెదాలు వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా ఆ మాట నర్సు సూది తీయకముందే చెప్పాలి. (విటమిన్ గమ్మీలు కూడా లెక్కే. మనం వాటిని మందు కింద చూస్తాం కదా!)

నాకు చిరాకు తెప్పించేది ఇంకొకటి. టీకా వేశాక జ్వరం వచ్చిందనో, చెయ్యి వాచిందనో ఫైల్లో "వ్యాక్సిన్ అలర్జీ" అని రాసేస్తారు. ఇక ఆ పిల్లాడికి ఏళ్ల తరబడి టీకాలు ఆగిపోతాయి. ఏ టీకా, ఏ బ్రాండ్, ఎన్ని నిమిషాలకి ఏం వచ్చింది అన్నవి రాయని ఆ ముక్క ఎవరికీ పనికిరాదు. అనుమానం ఉంటే అలర్జీ స్పెషలిస్టు దగ్గర చర్మ పరీక్ష చేయించి తేల్చుకోవాలి. చాలామందికి తర్వాతి డోసు వేయించుకోవచ్చనే తేలుతుంది.

నిజమైన అనాఫిలాక్సిస్ (ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ) చాలా అరుదు. అమెరికా లెక్కల్లో పది లక్షల డోసులకి ఒకటీ అరా. వచ్చిందంటే మాత్రం ఎక్కువగా నిమిషాల్లోనే వస్తుంది, తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ వెంటనే పడాలి. అలర్జీ సిరప్ పట్టించి చూద్దాం అనుకునే టైమ్ ఉండదు. పార్కింగ్ టైమ్ అయిపోతోందని, టీకా వేశాక కూర్చోమనే ఆ పదిహేను నిమిషాలు కూర్చోకుండా లేచి వచ్చేయకండి.