రజతోత్సవం, క్రీ.శ. 33

మా వీధి మలుపులో ఒక ఫ్లెక్సీ వెలిసింది. ఒక చివర పాస్టరయ్యగారు, ఇంకో చివర అమ్మగారు, నడుమ మబ్బులు చీల్చుకుని దిగుతున్న పావురం. కింద ఎర్రటి అక్షరాలు: "అసలైన అపొస్తలుల సంఘం. స్థాపన: క్రీ.శ. 33. రజతోత్సవ ఆహ్వానం."

నేను లెక్కల మాస్టారిని కాను, తెలుగు మాస్టారిని. అయినా క్రీ.శ. 33లో పుట్టినదానికి పాతికేళ్ళు ఎప్పుడు నిండుతాయో వేళ్ళ మీద లెక్కపెట్టగలను. క్రీ.శ. 58లో. అప్పటికి అపొస్తలుడు పౌలుగారు ఇంకా బతికే ఉన్నారు. ముఖ్య ప్రసంగీకులుగా ఆయన్నే పిలిచి ఉండాల్సింది. ఆలస్యమైంది కాబట్టి హైదరాబాదు నుంచి ఇంకొకాయన్ని పిలిచారు.

ఈ మాటే మా కోశాధికారిగారితో అంటే నొచ్చుకున్నారు. "మాస్టారూ, రజతోత్సవం బిల్డింగుది. స్థాపన సత్యానిది" అన్నారు. అంత గంభీరంగా అన్నాక ఇంకేం మాట్లాడతాం? నోరు మూసుకున్నాను. ఆ బిల్డింగు ఎలా వచ్చిందో మాత్రం నాకు తెలుసు. పాతికేళ్ళ కిందట ఒక ఆదివారం హార్మోనియం ఎవరింట్లో ఉండాలన్న విషయంలో మాటా మాటా పెరిగి, నలభై కుటుంబాలు చెప్పులు తొడుక్కుని బయటికి వచ్చేశాయి. ఆ నలభై కుటుంబాల్లో మాదీ ఒకటి. ఏ సంఘంలోంచి బయటికి వచ్చామో అదీ అంతకుముందు ఇంకోదాన్నించి ఇలాగే చెప్పులు తొడుక్కుని వచ్చిందే. మొట్టమొదటి సంఘం పుట్టిన పెంతెకొస్తు రోజున యెరూషలేములో హార్మోనియం ఉన్నట్టు లేఖనాల్లో ఎక్కడా లేదు.

ఎదురు వీధి సంఘం వాళ్ళు ఊరుకుంటారా? వారం తిరక్కుండా వాళ్ళ ఫ్లెక్సీ లేచింది. వాళ్ళ స్థాపన క్రీ.శ. 30. పండితుల్లో కొందరు ప్రభువు సిలువ మరణం 30లోనే అంటారు కాబట్టి తప్పని కూడా అనలేం. మా కంటే మూడేళ్ళు సీనియర్లన్నమాట. మా యూత్ లీడర్‌కి టెన్షన్ పట్టుకుంది. "అంకుల్, మనం బేత్లెహేము నుంచి లెక్క వేసుకోవచ్చా?" అని అడిగాడు.

ఇంతలో సావనీరు కమిటీ నా మీద పడింది. నాలుగో పేజీలో "మన సంఘ చరిత్ర" అని ఒక వ్యాసం కావాలట. తెలుగు చెప్పినవాడిని, రిటైరైనవాడిని, డబ్బులు అడగనివాడిని. నన్ను కాక ఇంకెవరిని అడుగుతారు? సావనీరు అట్ట మీద వాక్యం అప్పటికే నిర్ణయమైపోయింది: "సత్యము మిమ్మును స్వతంత్రులనుగా చేయును." ఆ అట్ట చూసి నేను మోసపోయాను. నిజంగానే చరిత్ర రాశాను.

రాసింది పెద్ద సంగతేం కాదు, ఒంగోలు చుట్టుపక్కల ముసలివాళ్ళెవరినడిగినా చెప్పేదే. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి తోళ్ళ బేరం మీద ఊళ్ళు తిరుగుతూ సువార్త విన్నాడని, 1866లో అమెరికా బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొర చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నాడని, ఆ ఏడే ఇంకో మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చాడని, 1867 జనవరి 1న అక్కడ సంఘం కట్టినప్పుడు సభ్యులు ఎనిమిది మందేనని రాశాను. మాదిగలు వస్తున్నారని తెలిసి పై కులాల వాళ్ళు, "వాళ్ళను చేర్చుకుంటే మేం రాం" అని కబురు చేశారు. ఏం చెయ్యాలో తోచక క్లౌ దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో విడివిడిగా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథు పత్రికలో ఒకే చోటు కనబడిందట: "మీలో లోకరీతిని జ్ఞానులైనను, ఘనులైనను, గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు." దొర తన అనుభవంగా చెప్పుకున్న ముచ్చట ఇది. దీంతోపాటు 1876-78 కరువు గురించి, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు దొర తీసుకుని జనానికి పని చూపించడం గురించి రాశాను. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది నీళ్ళలో మునిగి లేవడంతో ముగించాను.

కమిటీ కూర్చుంది. మిరపకాయ బజ్జీలు వచ్చాయి. అధ్యక్షులవారు ఎర్ర పెన్ను తీశారు.

"ఈ తోళ్ళ బేరం..." అన్నారు, బజ్జీ కారానికి అన్నట్టుగా మొహం పెట్టి. "వ్యాపారి అంటే సరిపోతుంది కదా?"

సరేనన్నాం. వ్యాపారి అయ్యాడు పేరయ్య. ఇంకొకాయన, వ్యాపారి అంటే కిరాణా కొట్టులా ఉంది, ప్రముఖ వ్యాపారవేత్త అందాం అన్నారు. యూత్ లీడర్ లాప్‌టాప్‌లో కొట్టేస్తూ "ఎక్స్‌పోర్ట్స్ అని కూడా పెట్టొచ్చు అంకుల్, ఊళ్ళు తిరిగాడు కదా" అన్నాడు. పావుగంటలో పేరయ్యకి కోటు తొడిగారు. ఇంకో పావుగంట వదిలేస్తే జీఎస్టీ నంబరు కూడా ఇచ్చేవాళ్ళు. ఆ తర్వాత "మాదిగపల్లె" అన్న మాట మీద పెన్ను ఆగింది. అది గ్రామం అయింది. గ్రామం నుంచి శివారు ప్రాంతం, శివారు ప్రాంతం నుంచి ప్రశాంత వాతావరణం. నిజం! "ప్రశాంత వాతావరణంలో జన్మించిన ప్రముఖ వ్యాపారవేత్త" అని నా కళ్ళెదుటే టైపు కొట్టారు. అది సంఘ చరిత్రో, ప్లాట్ల బ్రోచరో తెలియని స్థితికి వచ్చాను.

ఎనిమిది మంది అనే అంకె ఎవరికీ నచ్చలేదు. "మరీ ఎనిమిది మందేనా మాస్టారూ? మా అల్లుడి హాస్పిటల్ ఓపెనింగుకే నాలుగొందల మంది వచ్చారు" అన్నారు కోశాధికారిగారు. యెరూషలేములో మొదటి శిష్యులు కూడిన మేడగదిలో కూడా నూట ఇరవై మందే కదండీ అన్నాను. అది ఆత్మ కుమ్మరింపుకు ముందు లెక్క అన్నారు. ఎనిమిది మంది ఎనిమిది కుటుంబాలయ్యారు, తర్వాత అనేకులయ్యారు. గుండ్లకమ్మ ఫొటో ఇస్తే, నీళ్ళు తక్కువగా కనిపిస్తున్నాయి, నెట్‌లోంచి యొర్దాను నది తెచ్చి పెట్టేద్దాం అన్నాడు పిల్లవాడు.

కరువు పేరా మొత్తం కొట్టేశారు. కూటి కోసం మతం మారారని పదిమందీ అనుకుంటారట. నేను కొంచెం గొంతు పెంచాను. అయ్యా, ఆ మాటకి జవాబే అక్కడుంది. కూలి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు పని సాగినంత కాలం దొర బాప్తిస్మాలు ఆపేశాడు. మాకు తిండి వద్దు, పని వద్దు, బాప్తిస్మం ఇవ్వమని జనమే పట్టుబట్టారు. పోనీ దొర ముంచాడా అంటే అదీ కాదు. ఆ 2,222 మందికీ బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, వంతుల వారీగా. నూట నలభై ఏళ్ళకు పైగా మన మీద పడుతున్న నింద మీద ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఎక్కడుంది? దాన్ని మనమే కొట్టేసుకుంటామా?

"కొట్టేద్దాం మాస్టారూ. రిస్క్ ఎందుకు" అన్నారు.

అప్పటిదాకా మూల కుర్చీలో కునికిపాట్లు పడుతున్న స్త్రీల సమాజం పెద్దమ్మగారు కళ్ళు తెరిచారు. ఎనభై దాటిన మనిషి. "మా తాత ఊరి గొడ్డు చస్తే మోసుకొచ్చాడురా నాయనా" అన్నారు. "చంపినవాడు కాదు, మోసినవాడు. అందులో మీకు సిగ్గేంటి?"

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి అధ్యక్షులవారు, "టీ చెప్పండర్రా" అన్నారు.

మన వాళ్ళకి కావలసింది క్రీ.శ. 33 అనే అంకె ఒక్కటే. ఆ ఏట జరిగింది వద్దు. బైబిల్లో అపొస్తలుల కార్యములు తిప్పి చూడండి. మొట్టమొదటి సంఘంలో మొట్టమొదటి గొడవ సిద్ధాంతం మీద కాదు, అన్నం మీద. రోజూ పెట్టే భోజనంలో గ్రీకు భాష మాట్లాడేవాళ్ళ విధవరాండ్రను చిన్నచూపు చూశారని సణుగుడు మొదలైంది. ఆ పుస్తకం రాసిన లూకాగారికి ఎర్ర పెన్ను లేదు, ఉన్నదున్నట్టు రాసేశాడు. పేతురు, యోహాను విద్యలేని పామరులని కూడా రాశాడు. మా కమిటీ చేతికొస్తే "స్వయంకృషితో ఎదిగిన విద్యావేత్తలు" అయ్యేవారు. అంతియొకయలో పేతురుగారు యూదులు కాని అన్యజనులతో కలిసి తింటూ, తన వాళ్ళు రాగానే బంతిలోంచి లేచి పక్కకు తప్పుకున్నాడు. పౌలు అందరిముందూ మొహం మీదే కడిగేశాడు. పరువు పోతుందని దాచాడా? గలతీయులకు ఉత్తరం రాసి మరీ చాటాడు. రెండువేల ఏళ్ళుగా లోకమంతా చదువుతోంది. పేతురు పరువు అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు.

బంతిలోంచి లేచిపోవడం అన్నాను కదా. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు.

మనం ఏ బంతిలోంచి లేవలేదు చెప్పండి? గుంటూరు వైపు లూథరన్లంటే ఎక్కువగా మాలలు, ఒంగోలు వైపు బాప్టిస్టులంటే ఎక్కువగా మాదిగలు అని ఊళ్ళో ప్రతివాడికీ తెలుసు. ఒకే పుస్తకం, ఒకే పాటలు, ఒకే పల్లె పక్కపక్కన రెండు గుళ్ళు. పెళ్ళి సంబంధాల ప్రకటనలు చూడండి. "క్రిస్టియన్" అని రాసి, పక్కనే అడ్డగీత పెట్టి కులం. క్రీస్తు నందు అందరూ ఒక్కటే, అడ్డగీత దాకా. మొన్నామధ్య మా ఊరి సమాధుల తోటలో ఒక కుర్రవాడిని పూడ్చడానికి చోటివ్వలేదు. ఆ వరస వేరే వాళ్ళదట. వేరే వాళ్ళంటే ఎవరు? పేతురు సంతానమా? ఆ పిల్లవాడి తండ్రి పలుగు పట్టుకుని ఎండలో రెండు గంటలు నిలబడ్డాడు. పెద్దలు చెట్టు కింద కూర్చుని తీర్మానం రాసుకుంటున్నారు. పునరుత్థాన దినాన బూర ఊదినప్పుడు వరసలవారీగా లేస్తారు కాబోలు, ముందు ఎవరు, వెనక ఎవరు అని అక్కడ కూడా ఒక కమిటీ కావాలి! తూ. ఆ రోజు ఆ చెట్టు కింద కూర్చున్నవాళ్ళలో నలుగురు ఈ సావనీరు కమిటీలో ఉన్నారు. బజ్జీలు తిన్నారు.

ఒక్క అబద్ధానికి మాత్రం నేను నవ్వను. ఆదివారం గుడికొచ్చి, సోమవారం ఎమ్మార్వో ఆఫీసులో "హిందూ ఎస్సీ" అని రాయించుకునే బీదవాళ్ళున్నారు. ఆ అబద్ధం వాళ్ళు కట్టుకున్నది కాదు, క్రైస్తవుడైతే ఎస్సీ హోదా లేదన్న 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వాళ్ళ చేత చెప్పిస్తున్నది. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు తెరిచిన తలుపు క్రైస్తవ దళితుడికి ఇంకా మూసే ఉంది. పిల్లవాడి ఫీజు కోసం తలవంచుకుని సంతకం పెట్టేవాడికీ, ఏసీ హాల్లో కూర్చుని తాత పేరు కొట్టేసేవాడికీ పోలికే లేదు. మొదటివాడికి నిజం తెలుసు, గుండెలో మోస్తున్నాడు.

సరే, సావనీరు సంగతి. నా వ్యాసంలో చివరికి మిగిలింది "ప్రభువు కృప వల్ల" అన్న మాటలు, నా పేరు. నా పేరు నేనే కొట్టేయమన్నాను. నాలుగో పేజీలో ఖాళీ మిగిలింది. దాన్ని కోశాధికారిగారి అల్లుడి హాస్పిటల్ ప్రకటనతో నింపారు. డాక్టరుగారి ఫొటో, వెనక ఎల్‌ఈడీ లైట్లు. అడుగున రెండు వేళ్ళ మందాన తెల్లగా జాగా ఉండిపోయింది. ఏదైనా వాక్యం వేసి సర్దండి మాస్టారూ అని ప్రూఫు నా చేతికిచ్చారు.

ఒక వాక్యం రాసిచ్చాను. క్రీ.శ. 33 కావాలన్నారు కాబట్టి ఆ కాలానిదే, అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయం చివరి వచనం: "పేతురు యొప్పేలో సీమోనను ఒక చర్మకారునియొద్ద బహు దినములు నివసించెను." చచ్చిన గొడ్డు తోలు ఊనేవాడి ఇల్లది. ఊరికి ఎడంగా కాబోలు, సముద్రం ఒడ్డున. ఆ ఇంటి మేడ మీదే పేతురుకి ఆకాశం నుంచి దుప్పటి దిగింది. దేవుడు పవిత్రం చేసినదాన్ని నువ్వు అంటరానిదనకు అని మూడుసార్లు చెప్పించుకున్నది ఆ కప్పు మీదే. ఇవన్నీ నేను కమిటీకి చెప్పలేదు. వాక్యమే కదా, వేసేయండి అన్నారు. వెయ్యి కాపీలు అచ్చయ్యాయి.

పంచిన రోజు రాత్రి తొమ్మిదింటికి కోశాధికారిగారు ఫోన్ చేశారు. గుండె ఝల్లుమంది.

"మాస్టారూ, వందనాలు. వాక్యం భలే కుదిర్చారు. చర్మకారుడంటే స్కిన్ స్పెషలిస్టే కదండీ? మా అల్లుడు చూసుకుని ఒకటే సంబరం. పేతురంతటివాడు బహు దినములు ఉన్నాడంటే పెద్ద హాస్పిటలే అయ్యుంటుంది."

"అవునండీ" అన్నాను. "ఇన్‌పేషెంటుగానే ఉన్నాడు."