పిల్లాడి జేబులో వేస్తే కేసు పిల్లాడిదేనా?

"చిన్నపిల్లల మీద కేసులుండవు. షాపులో ఏదైనా చిన్న వస్తువు పిల్లాడి చేత బయటికి తెప్పిస్తే ఎవరూ ఏమీ చేయలేరు. దొరికినా 'తెలీక తీశాడండీ' అంటే సరిపోతుంది. పెద్ద షాపులు ఈ నష్టాన్ని ముందే లెక్కేసుకుంటాయి. పిల్లలకు రేపటికి గుర్తు కూడా ఉండదు."

ఈ ఫార్వర్డ్ నాకు మూడు వైపుల నుంచి వచ్చింది. ఇద్దరు నవ్వే బొమ్మలు పెట్టి పంపారు. మూడో ఆవిడ మాత్రం "ఇది నిజమేనా?" అని అడిగింది. ఆమెకు ఒక్క మాటలో జవాబు చెప్పబోయి కుదరక ఇదంతా రాస్తున్నాను.

మొదట కేసుల సంగతి. అందులో సగం నిజముంది. ఒక వయసు లోపు పిల్లల మీద నేరం మోపకూడదని చాలా దేశాల చట్టాలు చెబుతాయి. ఆ వయసు భారత్‌లో 7, ఇంగ్లండ్‌లో 10, జర్మనీలో 14. ఫార్వర్డ్ రాసినవాళ్లు ఇక్కడిదాకా చదివి పుస్తకం మూసేసినట్టున్నారు. పిల్లాడికి శిక్ష లేదంటే ఆ నేరం గాలిలో కలిసిపోదు, చేయించినవాళ్ల నెత్తిన పడుతుంది. ఇంగ్లండ్ న్యాయ సంప్రదాయంలో దీనికి పాత సూత్రమే ఉంది: ఏమీ తెలియనివాళ్లను పనిముట్టుగా వాడుకుంటే, వాడుకున్నవాడే ఆ నేరాన్ని స్వయంగా చేసినట్టు లెక్క.

భారత్‌లో అయితే ఈ 'కిటుకు' మరీ ఎదురు తిరుగుతుంది. భారతీయ న్యాయ సంహితలో మొదటిసారి చేసిన మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు. జరిమానాతో పోయే అవకాశమూ ఉంది. అదే చట్టంలో సెక్షన్ 95 చూడండి. 18 ఏళ్ల లోపువాళ్లను నేరానికి వాడుకుంటే కనీస శిక్షే 3 ఏళ్లు, 10 ఏళ్ల దాకా పోవచ్చు, జరిమానా అదనం. ఆ నేరం జరిగిపోతే దాని శిక్ష కూడా కలుస్తుంది. అంటే తప్పించుకుందామని పిల్లాడిని ముందుకు తోసినవాళ్లు, తామే దొంగిలించిన దానికంటే పెద్ద ఉచ్చులో తల దూర్చినట్టు. 1999 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 182వ ఒప్పందం పిల్లల్ని చట్టవిరుద్ధమైన పనులకు వాడుకోవడాన్ని అతి దారుణమైన బాలకార్మికపు రూపాల్లో ఒకటిగా చేర్చింది. ఆ సంస్థలోని 187 సభ్యదేశాలూ 2020 నాటికి దాన్ని ఆమోదించాయి. ఇంతమంది ఒప్పుకున్న విషయాలు లోకంలో తక్కువే.

ఇక "తెలీక తీశాడండీ" అనే మాట. ఫార్వర్డ్ మొత్తంలో నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. సెక్యూరిటీ గార్డు ముందు ఈ మాట పనిచేస్తుందా లేదా అన్నది తర్వాత చూద్దాం. దాన్ని పక్కనే నిలబడి వింటున్నది ఎవరు? ఐదు నిమిషాల ముందు "ఇది నీ బ్యాగులో పెట్టుకో, ఎవరికీ చెప్పకు" అని అమ్మో నాన్నో మామయ్యో చెబితే, ఎంతో బుద్ధిగా చెప్పినట్టు చేసిన పిల్ల. ఇప్పుడు అదే మనిషి నలుగురి ముందు "ఛీ, ఇదేం బుద్ధి" అని కసురుతున్నాడు. చెప్పినట్టు వింటే దొంగ అన్నారు. నిజం చెబుదామంటే నాన్న దొరికిపోతాడు. ఆ పిల్ల ఏం చేయాలి? దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోవడం పెద్దవాళ్లకే కష్టం, నాలుగేళ్ల పిల్ల మీద ఆ బరువు పెట్టారు.

పైగా ఆ నాటకం పండుతుందన్న నమ్మకం కూడా లేదు. సీసీ కెమెరాలో పిల్లాడి చెయ్యి ఒక్కటే కనబడదు. పక్కన ఎవరున్నారు, వస్తువు ఎవరు అందించారు, ఎవరు అటూ ఇటూ చూశారు, అంతా పడుతుంది. రెండేళ్ల పిల్లాడు చాక్లెట్ పట్టుకుని తనంతట తాను గుమ్మం దాటేయడం రోజూ జరిగేదే. దాన్ని షాపువాళ్లు నవ్వి వదిలేస్తారు, పెద్దవాళ్లు వెనక్కి ఇచ్చేస్తారు. ఫార్వర్డ్ చేసిన మోసమల్లా పిల్లాడు తెలీక తీసినదాన్నీ, పెద్దవాళ్లు తీయించినదాన్నీ ఒకే గాట కట్టడం.

షాపుల నష్టం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పోయే సరుకుకు ముందే లెక్క వేసుకుంటారన్నది నిజమే, ఆ లెక్క ధరల్లో కలిసి కొనేవాళ్లందరి మీదా పడుతుంది. చిన్న షాపుకైతే నేరుగా దెబ్బ. అమ్మకం ధరలో 5 శాతం మిగిలే చోట ఒక వస్తువు పోతే, దాన్ని కొన్న ఖర్చు తిరిగి రావడానికి అలాంటివే 19 అమ్మాలి.

మరి పిల్లలకు గుర్తుండదన్న మాట? ముందు వాళ్లకు ఏం తెలుసో చూద్దాం. 2011లో వెలువడిన ఒక పరిశోధనలో చేతికి తొడిగి ఆడించే ఒక బొమ్మ వస్తువులు తీసుకుపోయి పారేయబోతుంటే పిల్లలేం చేస్తారో గమనించారు. రెండేళ్ల పిల్లలు తమ వస్తువు పోతుంటేనే అడ్డుచెప్పారు. మూడేళ్ల పిల్లలు వేరేవాళ్ల వస్తువు పోతున్నా ఊరుకోలేదు. "అది వాళ్లది" అన్న సంగతి మూడేళ్లకే అర్థమవుతుందన్నమాట. ఆ వయసు పిల్ల చేత ఇంకొకరిది తీయించాలంటే, అప్పుడప్పుడే మొలిచిన ఆ జ్ఞానాన్ని ముందు నొక్కేయాలి.

అసలు ఈ వాదన దానికదే అడ్డం తిరుగుతుంది. పిల్లాడికి ఏమీ తెలియదంటారు, కానీ కౌంటర్ దగ్గర నోరు మెదపకూడదని తెలియాలి. రేపటికి గుర్తుండదంటారు, కానీ వచ్చేవారం మళ్లీ వెళ్లినప్పుడు ఏం చేయాలో గుర్తుండాలి. మూడేళ్లప్పటి ఫలానా సాయంత్రం పెద్దయ్యాక గుర్తుండకపోవచ్చు, ఒప్పుకుంటాను. మాటలు నేర్చుకున్న రోజూ ఎవరికీ గుర్తులేదు. మాటలు మాత్రం వచ్చేశాయి.

"ఆకలితో ఉన్నవాళ్ల సంగతేంటి?" అని ఎవరో అడుగుతారు, అడగాలి కూడా. ఆకలికి తీసినవాళ్ల మీద రాయి వేయడానికి నేను రాలేదు. కానీ అంత అవసరంలోనూ ఆ పనిలోని ప్రమాదాన్ని ఎవరు మోయాలన్న ప్రశ్న అలాగే ఉంటుంది. ఫార్వర్డ్‌లో ఆకలి ఊసే లేదు, ఎలా దొరక్కుండా ఉండాలన్న తెలివే ఉంది.

"నిజమేనా?" అని అడిగిన ఆవిడ, పై భాగం పంపాక ఇంకో మాట అడిగింది. తెలిసినవాళ్లు ఒకరు ఇప్పటికే ఇలా చేయించారట, ఆ పిల్లకు ఇప్పుడేం చెప్పాలని. "నిన్ను అలా చేయమనడం నా తప్పు, నువ్వేమీ తప్పు చేయలేదు" అని ఆ చేయించిన మనిషే చెప్పాలన్నాను. వస్తువు డబ్బు కట్టడానికి కూడా పెద్దవాళ్లే వెళ్లాలి. పిల్లను మళ్లీ ఆ కౌంటర్ ముందు నిలబెట్టి క్షమాపణ చెప్పించొద్దని గట్టిగా చెప్పాను.