సవరణ: రోజువారీ ఇన్‌హేలర్ మానొద్దు

ఉబ్బసం మీద మొన్నటి పోస్టులో "ప్రాణాయామం, తిండి కుదిరి పిల్లికూతలు తగ్గితే రోజూ వాడే ఇన్‌హేలర్ మానేయొచ్చు" అని రాశాను. అది తప్పు.

ఊపిరి తేలిగ్గా ఆడుతున్నా శ్వాసనాళాల్లో వాపు ఉండొచ్చు. దాన్ని అదుపులో ఉంచేది రోజూ వాడే ఆ స్టెరాయిడ్ ఇన్‌హేలరే. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ ఆ పని చేయదు. ఈ సంగతి అమ్మను చూసే ఛాతీ డాక్టరు గారు చెప్పారు. 2019 నుంచి అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలూ సాల్బుటమాల్ ఒక్కటే వాడొద్దంటున్నాయి. స్టెరాయిడ్ అని టెన్షన్ వద్దు, మోతాదు మైక్రోగ్రాముల్లోనే. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. తగ్గించాలన్నా డాక్టరే తగ్గించాలి.

తిరగమోత ఘాటు, అగరొత్తుల పొగ ఆయాసాన్ని రేపుతాయని రాసింది మాత్రం అలాగే ఉంచుతున్నాను. ఎండుమిర్చి వేగుతుంటే అమ్మ ఇప్పటికీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వసారాలోకి వెళ్లిపోతుంది.