కొండలు గోడలు కావు, హుద్‌హుద్ ఆఖరిదీ కాదు

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడితే చాలు, మన జిల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. మాటలు ఏటా కాస్త మారతాయి గాని సారం ఇదే: విశాఖకు చుట్టూ ఉన్న కొండలే రక్ష. హుద్‌హుద్ తుపాను లాంటిది వందేళ్లకోసారి వస్తుంది, అది వచ్చి పోయింది. గాలి ఆగితే తుపాను దాటినట్టే. కిటికీ అద్దాలకు టేపు అంటించి, రెండు రోజుల సరుకు పెట్టుకుంటే డాబా ఇంట్లో ఉన్నవాడికి బెంగ లేదు. మిగతాది ప్రభుత్వం చూసుకుంటుంది. జనాన్ని భయపెట్టకండి.

ఊరి మధ్య అపార్ట్‌మెంట్లో కూర్చుని పంపేవాళ్ల సంగతి ఎలా ఉన్నా, పద్మనాభం, ఆనందపురం, భీమిలి వైపు పల్లెల్లో దీన్ని నమ్మి ఊరుకుంటున్నవాళ్లు ఉన్నారు. అందుకని ఒక్కో మాటే చూద్దాం.

కొండల సంగతి ముందు. విశాఖకు దక్షిణాన యారాడ కొండలు, ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి వరస. మధ్యలో ఊరు. తూర్పు పక్క సముద్రానికి బార్లా తెరిచి ఉంది. తుపాను వచ్చేది ఆ తెరిచిన పక్క నుంచే. అడ్డంగా నిలబడి ఉంటే కదా గోడ అనుకోవడానికి! పోనీ అడ్డంగానే ఉన్నాయనుకుందాం. యారాడ కొండల కొసన ఉన్న డాల్ఫిన్ నోస్ ఎత్తు నాలుగు వందల మీటర్లు కూడా లేదు. తుపాను మేఘాలు పది పదిహేను కిలోమీటర్ల ఎత్తున, వందల కిలోమీటర్ల మేర పరుచుకుని వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ కొండల మీదుగానే వచ్చింది. కైలాసగిరి మీద, కంబాలకొండ మీద చెట్లు మోడులై నిలబడ్డ తీరు అప్పుడు ఇక్కడున్న ఎవరినడిగినా చెబుతారు. అరకు, పాడేరు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు వరసలకు వరసలు కూలాయి. అక్కడితోనూ ఆగలేదు. దాని మిగులు మేఘాలు రెండు రోజుల్లో హిమాలయాలకు చేరి, నేపాల్‌లో అన్నపూర్ణ కొండదారిలో మంచు తుపానుగా కురిసి 40 మందికి పైగా ప్రాణాలు తీశాయి. అంత దూరం పోయినదాన్ని మన కొండలు ఆపేస్తాయా?

తుపాను నేల మీదికొచ్చాక నీరసించే మాట నిజమే. అది వెచ్చటి సముద్రపు తేమ అందక జరిగేది. ఆ నీరసం లోపలి జిల్లాలకు లాభం, తీరంలో ఉన్న మనకు కాదు. పైగా కొండలు మనకు చేసే పని ఇంకొకటుంది. తేమగాలి కొండ ఎక్కేటప్పుడు చల్లబడి మరింత వాన కురుస్తుంది. ఆ నీరంతా గెడ్డల్లోకి, అంటే కొండవాగుల్లోకి, గోస్తని నదిలోకి దిగుతుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని పద్మనాభం పొలాల పక్కనుంచి వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మన దగ్గర చినుకు లేకపోయినా ఎగువన కురిసిన వాన గంటల తర్వాత పల్లం పొలాలకు చేరుతుంది. కొండవాలున మట్టి తవ్వి కట్టుకున్న ఇళ్లకైతే ఆ కొండే శత్రువు. సింహాద్రి అప్పన్న ఉన్నాడనే పెద్దలతో నాకు తగువు లేదు. అప్పన్న మీద భక్తి వేరు, గెడ్డ గట్టున ఇల్లు వేసుకోవడం వేరు.

వందేళ్లకోసారి అన్నది దీనికంటే చిక్కు మాట, ఎందుకంటే లెక్కలా వినిపిస్తుంది. వందేళ్లకోసారి అంటే ఒకసారి వచ్చాక మిగతా తొంభై తొమ్మిదేళ్లు సెలవు అని కాదు. ఏ ఏడాదికి ఆ ఏడాది నూటికి ఒక వంతు అవకాశం ఉందని. ఆ లెక్కన చూసినా ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. ఇల్లు కట్టడానికి తీసుకున్న అప్పు తీరేలోగా నాలుగో వంతు అవకాశమన్నమాట. సముద్రానికి క్యాలెండరు లేదు: ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటితే, సరిగ్గా ఏడాది తిరిగేసరికి అదే తేదీన హుద్‌హుద్ మన మీదికొచ్చింది. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది.

అసలు హుద్‌హుద్‌నే కొలబద్దగా పెట్టుకోవడం మరో పొరపాటు. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ కళింగపట్నం దగ్గర, మనకు వంద కిలోమీటర్లకు పైగా దూరంలో తీరం దాటింది. గాలి పరంగా మామూలు తుపానే. కాని ఆ వానకు విశాఖలో పల్లపు ప్రాంతాలు, విమానాశ్రయం నీట మునిగాయి. 2012లో నీలం ఇంకా దూరాన, తమిళనాడులో మహాబలిపురం దగ్గర తీరం దాటింది. దాని వానలకు అప్పటి మన ఉమ్మడి జిల్లాలో పొలాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. తుపాను ఎక్కడ తీరం దాటుతుందని ఒక్కటే అడిగి, మన దగ్గర కాదనగానే టీవీ కట్టేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

గాలి ఆగితే అయిపోయినట్టే అన్నమాట మాత్రం మనుషుల్ని చంపే మాట. తుపాను కన్ను, అంటే నడిమధ్య గాలి లేని భాగం, మన మీదుగా పోతున్నప్పుడు గాలి ఉన్నట్టుండి పడిపోతుంది, ఒక్కోసారి ఎండ కూడా కాస్తుంది. హుద్‌హుద్ రోజు మధ్యాహ్నం జరిగింది ఇదే. హమ్మయ్య అని వీధిలోకి వచ్చినవాళ్ల మీదికి కాసేపట్లో గాలి వ్యతిరేక దిక్కు నుంచి విరుచుకుపడింది. పొద్దున్నంతా ఒక పక్కకు వంగి సగం వేళ్లు వదిలిన చెట్టు రెండో పక్క తోపుకి ఆగదు. గోడా అంతే. తుపాను పూర్తిగా దాటిందని అధికారికంగా చెప్పేదాకా గడప దాటకూడదు. గొడ్లను చూసొస్తానని వెళ్లడం కూడా వద్దు. వాటి పని ముందురోజే చూసుకోవాలి: రేకుల శాలలో కట్టేసి ఉంచకుండా, పలుపులు విప్పి మెరక మీద వదలాలి. కట్టేసిన గొడ్డు కూలిన శాల కిందో నీళ్లలోనో ఉండిపోతుంది, విప్పినది తన దారి వెతుక్కుంటుంది.

టేపు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అద్దం పగలకుండా టేపు ఆపలేదు, పగిలినప్పుడు పెద్ద పెద్ద పెంకులుగా ఊడిపడుతుంది. బయటనుంచి చెక్క కొట్టండి, లేదా కిటికీలు లేని గదిలో ఉండండి.

ఇక రెండు రోజుల సరుకు. సందేశంలో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. తుపాను గాలి ఒక్క రోజు ఉంటుంది. తర్వాత మిగిలేది కరెంటు లేని రోజులు. హుద్‌హుద్ తర్వాత నగరంలోనే రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి, పెట్రోలు బంకుల దగ్గర బారులు, పాల ప్యాకెట్‌కు నోటికొచ్చిన ధర. పల్లెలకు కరెంటు ఆఖరున వస్తుంది. కరెంటు లేకపోతే బోరు మోటారు ఆడదు, కుళాయికి నీళ్లు రావు. డాబా ఇల్లు చెక్కుచెదరకుండా నిలబడ్డా అందులో తాగే నీళ్లు పుట్టవు. మనిషికి తాగడానికి, వండుకోవడానికి రోజుకు నాలుగు లీటర్లు అనుకుంటే ఐదుగురికి వారానికి 140 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల టిన్నులు ఏడు. డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకు ముందే నిండా నింపాలి. నీళ్లూ ఉంటాయి, బరువుకు ట్యాంకూ ఎగిరిపోదు. ఖాళీ ట్యాంకు గాలికి ఎగిరి పక్కింటి రేకుల మీద పడుతుంది. తర్వాత ఏ నీళ్లయినా కాచి గాని, క్లోరిన్ బిళ్ల వేసి గాని తాగండి.

ఫోన్లు పోతే ఫోన్‌పే కూడా పోతుంది. చిన్న నోట్లు కొన్ని ఇంట్లో ఉంచండి. బ్యాటరీ రేడియో పాతకాలపు సరుకని నవ్వకండి, టవర్లు పడిపోయాక వార్త తెచ్చేది అదే. బీపీ, షుగరు మాత్రలు రెండు వారాలకు సరిపడా, పసిపిల్లల పాలపొడి, ఓఆర్‌ఎస్, టార్చి. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం పాలిథిన్ కవరులో చుట్టి ఎత్తున పెట్టండి. ఇంట్లోకి నీళ్లొస్తున్నాయంటే మెయిన్ స్విచ్ ఆపాలి, గ్యాస్ రెగ్యులేటరు కట్టాలి.

రేకిల్లున్నవాళ్లు మాత్రం సరుకుతో సరిపెట్టుకోకూడదు. గాలి చూరు కింద దూరి రేకును పైకి లేపుతుంది. పైన ఇటుకలు, రాళ్లు పెడితే ఆగదు, అవే ఎగిరి మనిషికి తగులుతాయి. రేకుల్ని మేకులతో కాక వంకీ బోల్టులతో దూలానికి బిగించడం వేసవిలో చేసుకోవాల్సిన పని. తుపాను ముంగిట అంత వ్యవధి ఉండదు. అప్పుడు చేయాల్సింది షెల్టరుకో, బడికో, డాబా ఉన్న చుట్టాలింటికో వెలుగుండగానే వెళ్లిపోవడం. డాబా ఉన్నవాళ్లు కూడా ఏ పక్కింటివాళ్లను పిలవాలో ముందే అనుకుంటే మంచిది.

ప్రభుత్వం చూసుకుంటుందన్న మాటలో సగం నిజముంది. హెచ్చరికలు, ఖాళీ చేయించడం దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 కంటే ఎంతో మెరుగయ్యాయి. ఆ ఉప్పెనలో వేలల్లో చనిపోయారు. కాని రోడ్డుకు అడ్డంగా చెట్లు పడి ఉన్న మొదటి రెండు మూడు రోజులు సాయం తెచ్చే లారీ మీ ఊరికి రావడం కుదరదు. సాయం అడగడానికి జిల్లా కంట్రోల్ రూం 1077, రాష్ట్రానిది 1070. గోడ మీద రాసి పెట్టుకోండి. తుపానుకు ముందు ఇల్లు, గొడ్లు, పంట ఫొటోలు తీసుకోండి. బీమా ఉన్న వరి కోసి పనల మీద ఉండగా తడిస్తే 72 గంటల్లోగా తెలియజేయాలి. కరెంటు, ఫోను లేని 72 గంటలవి. ఎవరికి, ఎలా చెప్పాలో ఇప్పుడే కనుక్కోండి.

భయపెట్టకండి అంటారు. విశాఖలోనే తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది. తుపాను ఏర్పడ్డాక వాతావరణ శాఖ మూడు గంటలకోసారి, తీరం దాటే వేళ గంటగంటకీ సమాచారం ఇస్తుంది. గ్రూపుల్లో పంచాలనుకుంటే దాన్ని పంచండి, టైము కనపడేలా.