గుట్టను మళ్లీ పెట్టేస్తానన్న కాగితానికి

మహారాజశ్రీ అమెరికా విస్కాన్సిన్ రాష్ట్ర ఇసుక గనుల పునరుద్ధరణ ప్రణాళిక గారికి,

గుట్ట ఇంకా గుట్టగా ఉండగానే, అది పోయాక ఎలా ఉంటుందో బొమ్మ గీసి పెట్టారు. మీ దూరదృష్టికి నమస్కారం. ఆ రాష్ట్రపు గనుల నిబంధన ఎన్ఆర్ 135 ప్రకారం మీరూ, మీ వెనక (కంపెనీ మాట తప్పితే ఖర్చుకు) పూచీ సొమ్మూ లేనిదే తవ్వకానికి అనుమతి రాదు. కాబట్టి మీరు లేరన్నది మా ఫిర్యాదు కాదు.

ఇల్లు కట్టే మేస్త్రీ పనికిరాదనే గుండ్రటి ఇసుకంటేనే ఫ్రాకింగ్ (లోతు రాయిని చీల్చి చమురు, గ్యాసు తీసే పని) వాళ్లకు ముద్దు. నీటి ఒత్తిడితో చీల్చిన షేల్ రాయి మళ్లీ మూసుకోకుండా, తాను నలగకుండా అడ్డుపడేది అదే. ఒక్కో ఫ్రాకింగ్ బావి వేల టన్నులు మింగుతుంది. ఇక్కడి జోర్డన్, వోనెవాక్ అనే ఇసుకరాతి పొరల్లో దాదాపు 50 కోట్ల ఏళ్లుగా ఉన్న ఆ రేణువులను తిరిగిస్తానని మీరెక్కడా రాయలేదు. నిజాయితీపరులు! మీరు రాసింది వాలు గురించి (అడ్డం 3కి నిలువు 1 మించరాదు), గడ్డి గురించి.

పైమట్టి దగ్గరే మీకూ మాకూ పేచీ. దాన్ని విడిగా తీసి, కింది మట్టితో కలవకుండా కుప్పపోసి, విత్తనం చల్లి కాపాడాలి. కాగితం మీద కుప్పలు రెండు. గనిలో బుల్డోజర్ తొందరలో ఉంటే రెండూ ఒకటే. ఏళ్ల తరబడి కుప్పలో మగ్గిన మట్టిలో ప్రాణం సన్నగిల్లుతుంది. పరిచేటప్పుడు డంపర్లు తొక్కితే గట్టిపడి వేళ్లు దిగవు. దాని కింద నింపేది కడిగాక మిగిలిన సన్న బురద. అది నీటిని వదలదు. పైన పచ్చగడ్డి మొలుస్తుంది, ఫొటో బాగా వస్తుంది. మొక్కజొన్న దిగుబడి ఫొటోలో పడదు లెండి.

ఆ బురద త్వరగా అడుగుకు దిగడానికి పాలీఅక్రిలమైడ్ అనే రసాయనం కలుపుతారు. 2018 మేలో ఇక్కడి వైట్‌హాల్ ఊరి దగ్గర ఓ గనిలో బుల్డోజర్ ఆ బురద చెరువులో పడింది. లోపలి డ్రైవరును కాపాడటానికి కోటి గాలన్ల బురదనీళ్లు వదలాల్సి వచ్చింది. మనిషి బతికాడు, అది సరైన పనే. నీళ్లు మాత్రం ‘ట్రెంపలో’ అనే నదికి చేరాయి. నదిని మళ్లీ పరిచి విత్తనం చల్లే పేజీ మీలో ఏదండీ?

ఇక దుమ్ము. తడి ఇసుక బుద్ధిగానే ఉంటుంది, ఆరబెట్టి రైలు పెట్టెల్లోకి దింపేటప్పుడే సన్న సిలికా దుమ్ము (ఇసుక రేణువుల పొడి) లేస్తుంది. ఫ్రాకింగ్ బావి దగ్గర పనివాడికి 8 గంటల సగటున ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాముల హద్దు ఉంది. కంచె అవతలి ఇంటివాళ్లకు సిలికా పేరున జాతీయ గాలి ప్రమాణమే లేదు. ఆ దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తి జబ్బు, సిలికోసిస్, వస్తే తగ్గదు. ఊపిరితిత్తి పునరుద్ధరణ మీ పరిధిలోకి రాదు, తెలుసు.

2017 తర్వాత టెక్సాస్‌లోని పర్మియన్ చమురు ప్రాంతపు కంపెనీలు పక్కనే దొరికే సన్న ఇసుకకు మారాయి. ఇక్కడ గనులు ఆగాయి, 2020లో పెద్ద కంపెనీలు దివాలా పిటిషన్లు పెట్టాయి. కానీ ఆగడం వేరు, మూతపడటం వేరు. ‘అప్పుడప్పుడు ఆగే తవ్వకం’ అని ముందే రాసుకుంటే, పూచీ సొమ్ము కట్టి ఉంచి, మట్టి కొట్టుకుపోకుండా చూసుకుంటే చాలు, గొయ్యి వేచి ఉండొచ్చు. మీరూ బీరువాలో విశ్రాంతి తీసుకోవచ్చు.

ఇట్లు,
మీ అనుబంధ పేజీలు కూడా చదివేవాళ్లు

తా.క.: మిసిసిపీ నది అవతల, మిన్నెసోటా రాష్ట్రంలోని వినోనా కౌంటీ 2016లో ఫ్రాక్ ఇసుక తవ్వకాన్నే నిషేధించింది, 2020లో మిన్నెసోటా సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ గుట్టలకు మీతో పనిపడలేదు. నొచ్చుకోకండి.