గొడవ జుట్టు రంగు గురించి కాదు

పది రోజుల్లో ఒకే సందేశం నాకు ఐదుసార్లు వచ్చింది. మొదట కావలి నుంచి మా బావ పంపాడు. తర్వాత కందుకూరులో నాతో చదివినవాళ్ల గ్రూపులో ఇద్దరు, ఒంగోలు నుంచి ఒక మిత్రుడు, చివరికి నెల్లూరులో మా వీధి చివర ఉండే కుర్రాడు కూడా "అన్నా, ఇది చూశావా" అంటూ పంపాడు. "డెవిల్ మే క్రై గురించి ఎవరూ ఒప్పుకోని ఆరు నిజాలు" అని దాని పేరు. డెవిల్ మే క్రై అంటే రాక్షసులతో తలపడే వీడియో గేముల వరుస. మొదటి ఆట ఇప్పుడు ఆడదగింది కాదట. రెండోదాన్ని వరుసలోంచే తీసేయాలట. మూడోదానిలోని కష్టం తయారీ లోపమట. నాలుగోది సగం ఆటేనట. 2013లో వచ్చిన కొత్త రూపాన్ని జనం కేవలం పాత భాగాల్లో తెల్లగా ఉండే కథానాయకుడు డాంటే జుట్టు ఇందులో నల్లగా ఉందని తిప్పికొట్టారట. ఇక ఏ భాగమైనా బటన్లు ఎడాపెడా నొక్కితే గెలవవచ్చట. ఇద్దరికి విడిగా జవాబు రాశాను. మూడోవారికీ అదే మళ్లీ రాసే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

మొదటిదాని సంగతి త్వరగా తేల్చవచ్చు. 2001 నాటి ఆటలో కెమెరా మన అదుపులో ఉండదన్నది నిజమే, చూపు మారినప్పుడల్లా చేయి తడబడుతుందన్నదీ నిజమే. రెసిడెంట్ ఈవిల్ 4 అనే భయానక ఆటగా మొదలుపెట్టిన పని దారి మళ్లి ఈ ఆట అయింది కాబట్టి, ఆ కోటలోని చీకటి గదులూ తలుపు తెరిచే వస్తువుల వెతుకులాటా ఆ ఇంటి నుంచి వచ్చినవే. అయితే అందులో ఎదురయ్యే నిప్పుల సాలెపురుగు మన మీదికి దూకే ముందు కాళ్లు ఎలా కూడదీసుకుంటుందో గమనించి పక్కకు దొర్లడం నేర్చుకున్నవారెవరూ దాన్ని ఆడదగనిది అనరు.

రెండోదాన్ని నేను వెనకేసుకురాను. దూరంగా నిలబడి తుపాకులు పేలుస్తూ కూర్చుంటే బాసులు, అంటే పెద్ద శత్రువులు, వాటంతటవే చచ్చిపోతారు, అంతకు మించి చెప్పవలసిన పని లేదు. కానీ తీసేయాలన్నవారు ఒక్క విషయం ఆలోచించాలి. తర్వాతి భాగాల్లో మనం రాత్రుళ్లు రాత్రుళ్లు ఆడిన బ్లడీ ప్యాలెస్, అంటే ఒకదాని వెంట ఒకటిగా వచ్చే శత్రువుల గుంపులతో తలపడే విభాగం, పుట్టింది ఇందులోనే. మెనూ తెరవకుండా ఒక్క బటన్‌తో తుపాకీ మార్చుకునే వీలు వచ్చిందీ ఇందులోనే. పని సగంలో ఉండగా దీన్ని నెత్తికెత్తుకున్న హిడెయాకి ఇత్సునోయే తర్వాత మూడు, నాలుగు, ఐదు భాగాలకు దర్శకుడయ్యాడు.

బటన్లు నొక్కితే చాలన్న మాటకూ, మూడోదాని కష్టం లోపమన్న మాటకూ జవాబు ఒక్కచోటే ఉంది. 2007లో నెల్లూరు ట్రంకురోడ్డు వెనక సందులో ఒక నెట్ సెంటర్‌లో మూడో భాగాన్ని కీబోర్డు మీద ఆడేవాళ్లం. మూడో మిషన్‌లో మూడు తలల కుక్క వస్తుంది, దాని ఒంటినిండా మంచు గడ్డకట్టి ఉంటుంది. నా పక్కన కూర్చున్న మిత్రుడు ఒకే కీని అదేపనిగా బాదాడు. పోరు ఎంత బాగుందో చూపే స్టైల్ ర్యాంకు అక్షరం పైకి పోలేదు, ఎందుకంటే అదే వేటు మళ్లీ మళ్లీ వేస్తే ఆ ఆట మార్కులు తగ్గిస్తుంది. మంచు పగలక ముందే ప్రాణం పోయింది. ఇంకో అరగంటకు డబ్బు కట్టి, ఈసారి ముందుగా కాలి మీది మంచును పగలగొట్టి, కుక్క తల ఎత్తినప్పుడు పక్కకు తప్పుకుని గెలిచాడు. మారింది అతని చేయే. ఇక కష్టం గురించి: 2005లో అమెరికాలో విడుదలైనప్పుడు "నార్మల్" అని పేరు పెట్టింది జపాన్ వారి "హార్డ్"‌కు. 2006 స్పెషల్ ఎడిషన్‌లో ఆ కొలతను సరిచేశారు, చచ్చినచోటే లేచి ఆడే వీలూ కల్పించారు. పదిహేడేళ్లకు పైగా దిద్దుబాటు అయి ఉన్న సంగతిని ఇప్పుడు నిజం బయటపెట్టినట్టు పంచడం న్యాయం కాదు.

నాలుగోది సగం ఆటేనన్నారు. ఆ మాట నిజం. అందరికన్నా ఎక్కువగా దాన్ని ప్రేమించినవాణ్ణి కాబట్టి ఇది ఒప్పుకోవడం నాకు సులభం కాదు. అందులోని కొత్త నాయకుడు నీరో పదకొండు మిషన్లలో నడిచిన దారినే డాంటే పన్నెండు నుంచి వెనక్కి నడుస్తాడు. అదే కోట, అదే అడవి, అవే బాసులు. నిప్పుల బెరియల్ అనే బాసుతో ఒక్క ఆటలో మూడుసార్లు తలపడాలి. అయినా ఆ సగంలో ఉన్న పోరు ఈ వరుసలో మరెక్కడా లేదని నా నమ్మకం. నీరో కత్తి పిడిలో బండి యాక్సిలరేటర్ లాంటిది ఉంటుంది. వేటు పడుతున్న ఆ రెప్పపాటులో ఎడమ ట్రిగ్గర్ నొక్కితే ఇంజను గుర్రుమని, తర్వాతి వేటు మంటలతో పడుతుంది. కాస్త ముందు నొక్కినా, కాస్త వెనక నొక్కినా దక్కదు. డాంటేకైతే స్టైళ్లను, అంటే పోరాట పద్ధతులను, గాలిలో ఉండగానే మార్చుకునే స్వేచ్ఛ ఇచ్చారు. ఆ రెండూ నా చేతికి పట్టుబడటానికి సంవత్సరాలు పట్టింది.

ఇప్పుడు అసలు విషయం. 2013 ఆటను జుట్టు రంగు కోసమే తిరస్కరించారన్న అయిదో "నిజం" మిగిలిన అయిదింటి లాంటిది కాదు. మిగతావి అభిప్రాయాలు, వాటితో వాదించవచ్చు. ఇది మాత్రం ఎదుటివారు కారణాలు చెప్పనే లేదంటుంది, చెప్పిన కారణాలన్నిటినీ ఒక్క మాటతో కొట్టిపారేస్తుంది.

2010లో మొదటి ట్రైలర్ చూసినప్పుడు జుట్టు గురించి కోపంతో రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆట చేతికి రాకముందే అలా రాయడం తప్పు, తయారుచేసినవారిని తిట్టడం ఇంకా తప్పు. కానీ ఆట చేతికి వచ్చాక మేం చెప్పినవి వేరు. శత్రువును లాక్ చేసే, అంటే మనం ఎంచుకున్న ఒక్కడి మీదే గురి నిలిపే లాక్-ఆన్ బటన్ తీసేశారు. పాత భాగాల్లో లాక్ పట్టుకుని ముందుకు నెట్టి కొడితే ఏ శత్రువు మీదికి దూసుకెళ్లాలో మనమే నిర్ణయిస్తాం. ఇక్కడ స్టిక్ ఏ దిక్కుకు ఉంటే ఆ దిక్కున ఎవరుంటే వాళ్లను ఆటే ఎంచుకుంటుంది, గుంపులో మనం ఒకరిని కోరితే అది ఇంకొకరిని పట్టుకుంటుంది. రెండోది, ఎర్ర శత్రువును రాక్షస ఆయుధంతోనే, నీలి శత్రువును దేవదూత ఆయుధంతోనే కొట్టాలి. మరొకటి వాడితే కత్తి ఠంగుమని వెనక్కి వస్తుంది. ఏ ఆయుధంతో ఎలా కొట్టాలన్నది ఆడేవాడి ఇష్టమని నేర్పిన వరుసలో ఇది చేతులు కట్టేయడమే. మూడోది, కన్సోళ్లలో తెర మీది బొమ్మ సెకనుకు 30 సార్లే (30 ఫ్రేములు) మారేది, కదలిక అంత నునుపుగా ఉండేది కాదు. కంప్యూటర్‌లో ఆడినవారికి ఆ బాధ తప్పింది.

వీటిలో జుట్టు ఎక్కడుంది? 2015లో అదే ఆటను డెఫినిటివ్ ఎడిషన్‌గా మళ్లీ విడుదల చేసినప్పుడు లాక్-ఆన్ చేర్చారు, 60 ఫ్రేములకు పెంచారు, ఎర్ర నీలి శత్రువుల మీద ఏ ఆయుధమైనా పనిచేసేలా మార్చారు, స్టైల్ ర్యాంకు అంత సులువుగా రాకుండా హార్డ్‌కోర్ మోడ్ పెట్టారు. జనం గోల జుట్టు గురించే అయితే, డాంటే తలకు తెల్లరంగు పూసి విడుదల చేస్తే సరిపోయేది కదా! తయారుచేసినవారే విన్న ఫిర్యాదులను, ఆట పట్టుకుని చూడనివారు లేనే లేవంటున్నారు.

ఆ ఆటలో మంచి లేదని నేను అనడం లేదు. ఊరే పగబట్టి గోడలు దగ్గరికి జరిపి మన దారి మూసేసే లింబో అనే లోకం, టీవీ వార్తల తెర లోపలే జరిగే బాబ్ బార్బస్ అనే బాసుతో పోరు, ఈ వరుసలో మరే భాగంలోనూ చూడలేదు. ఒక ట్రిగ్గర్ పట్టుకుంటే కొడవలి, ఇంకో ట్రిగ్గర్ పట్టుకుంటే గొడ్డలి చేతికి వచ్చే ఏర్పాటు ఎంతో బాగుంటుంది. అందుకే లోపాలను లోపాలుగా చెప్పుకోవాలి.

మా వీధి కుర్రాడు ఆడింది 2015 రూపం మాత్రమే. కాబట్టి అతనికి ఆ సందేశం నిజమనే తోచింది. "ఏందన్నా, మీరంతా జుట్టు కోసం అంత గొడవ చేశారా?" అని అడిగాడు. వాదించకుండా, ఒంగోలు మిత్రుడి దగ్గర పాత డిస్కు తెప్పించి, మొన్న ఆదివారం సాయంత్రం మా ఇంట్లోనే కంట్రోలర్ చేతికిచ్చాను. ఎర్ర శత్రువు మీద కత్తి రెండుసార్లు ఠంగుమంది. మూడోసారి పక్కనున్న శత్రువు మీదికి పోవాలని చూస్తే డాంటే మళ్లీ ఆ ఎర్రవాడి మీదికే దూకాడు. కుర్రాడు కంట్రోలర్ వెనక బటన్లన్నీ ఒక్కొక్కటిగా నొక్కి చూసి, నా వైపు తిరిగాడు.

"లాక్-ఆన్ ఏ బటనన్నా?"

లేదని చెప్పాను.