వాలెట్ కనెక్ట్ బొత్తాం గారికి

క్రిప్టో సైట్ల గుమ్మంలో నిలబడి, వాలెట్ అనే డిజిటల్ డబ్బుసంచిని కలపమనే మహారాజశ్రీ బొత్తాం గారికి విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మీ లోకంలో కాపలాదారులు లేరని, ఎవరి అనుమతీ అక్కర్లేదని మా పెదనాన్నగారికి అమెరికాలో ఉన్న వాళ్లబ్బాయి చెప్పాడు. ఆయన షిప్‌యార్డులో స్టోర్‌కీపరుగా చేసి రిటైరయ్యారు. ఆనాటి ఓడల ఫొటోలు పెట్టెడు ఉన్నాయి. వాటిని శాశ్వతంగా దాచే సేవ మీ దగ్గర ఉందని చెప్పి, ఖర్చుకని ఇరవై డాలర్ల యూఎస్‌డీటీ (డాలరు విలువకు కట్టిన క్రిప్టో నాణెం) కూడా పంపాడు.

పేరూ ఊరూ అడగకుండా వాలెట్ ఇచ్చారు, సంతోషం. వెంటనే పన్నెండు ఇంగ్లీషు మాటలు చూపించి, కాగితం మీద రాసుకోమన్నారు. ఆ వాలెట్‌కు అవే తాళంచెవట, పోగొట్టుకుంటే బ్రహ్మదేవుడు దిగివచ్చినా డబ్బు రాదన్నారు. వాలెట్ల ప్రమాణంలోని 2048 మాటల జాబితా నుంచి ఏరిన మాటలవి. అదే ప్రమాణంలో జపనీస్‌కు, కొరియన్‌కు, చివరికి చెక్ భాషకు కూడా జాబితాలున్నాయి. ఎనిమిది కోట్ల మంది మాట్లాడే తెలుగుకు మాత్రం చోటు దొరకలేదు. పెదనాన్నగారు ఆ మాటలను పంచాంగం అట్ట వెనక పెద్దక్షరాలతో రాసి దేవుడి గదిలో మేకుకు తగిలించారు. ఎవరికీ చూపవద్దన్న నియమం దేవుడికి వర్తించదని ఆయన వాదన.

తరువాత మిమ్మల్ని నొక్కాం. అంకెలూ అక్షరాలూ కలగలిసిన ఒక పొడవాటి వరుస చూపించి సంతకం చేయమన్నారు. లారీలోని సరుకు లెక్కపెట్టనిదే రసీదు మీద కలం పెట్టని మనిషి ఆయన. కళ్లజోడు తుడుచుకుని ఆ వరుసను మొదటి నుంచి చివరిదాకా చదివి, “ఇందులో నేను దేనికి ఒప్పుకుంటున్నానురా?” అని అడిగారు. తమరు సెలవిస్తే ఆయనకు చెబుతాను.

సంతకమైంది. ఇక డబ్బు కడదామంటే, రుసుముకు ఈథర్ (ఇథీరియం అనే మీ నెట్‌వర్క్ సొంత నాణెం) లేదన్నారు. ద్వారకా బస్‌స్టేషన్‌లో సింహాచలం బస్సెక్కిన మనిషిని కండక్టరు “రూపాయలు చెల్లవు, ముందు మా డిపో బిళ్లలు కొనుక్కురా” అంటే ఊరుకుంటామా? పైగా మీ దగ్గర లావాదేవీ మధ్యలో విఫలమైనా రుసుము తిరిగి రాదట.

ఆ కాస్త ఈథర్ కొనాలంటే క్రిప్టో అమ్మే ఎక్స్ఛేంజీకి వెళ్లాలి. అక్కడ పాన్, ఆధార్, కెమెరా ముందు మొహం అటూ ఇటూ తిప్పడం. కొన్నది వాలెట్‌కు పంపడానికి ఇంకో రుసుము. అనుమతి అక్కర్లేని లోకానికి ఇన్ని అనుమతులు! (2022 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది, నష్టాన్ని మరో లాభంలో తీసివేసుకునే వీలు లేదు. ఆ పాపం మీది కాదు, ఢిల్లీది. న్యాయం న్యాయమే.)

మీకు చేతకాక ఇదంతా జరుగుతోందంటే జాలిపడేవాణ్ణి. ఈఆర్‌సీ 4337 అనే ప్రమాణం 2023 మార్చిలోనే ఇథీరియంలో అమలుకు వచ్చింది. దానితో సేవ నడిపేవారే కొత్తవారి రుసుము భరించవచ్చు, పన్నెండు మాటల బెడద లేకుండా ఖాతా తెరిపించవచ్చు. దారి వేసి ఉన్నా గోడ దూకి రమ్మంటున్నారంటే, లోపలున్నవారికి కొత్తవారి అవసరం లేదనే అనుకోవాలి.

ప్రస్తుతం ఆ ఇరవై డాలర్లు వాలెట్‌లో కనిపిస్తున్నాయి, కదలడం లేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశారేమో అనుకుని మా పెద్దమ్మ వడ్డీ ఎంతని అడుగుతోంది. ఏం చెప్పమంటారు?

ఇట్లు,
తమరి గుమ్మం బయట నిలబడ్డ ఒక విశాఖవాసి